భ్రంశం జారితే భూపటలం ఎలా పలచబడుతుంది: తాడిపత్రి బోరుబావి నుంచి బంగాళాఖాతం అడుగుదాకా

మీరు ఒకటిగా అడిగిన దానిలో మూడు ప్రశ్నలున్నాయి. సాధారణ భ్రంశం (నేల సాగేచోట పైనున్న దిమ్మె వాలు వెంట కిందికి జారే రాతి పగులు) మీద ఒక దిమ్మె జారినప్పుడు దాని పైభాగమూ అడుగూ రెండూ కలిసే దిగుతాయి గదా, అలాంటప్పుడు మందం ఎందుకు తగ్గాలన్నది మొదటిది. 35 కిలోమీటర్ల ఖండ భూపటలం సముద్రపు అంచుకు చేరేసరికి పది కిలోమీటర్లకు తగ్గిందంటే, దానికి భ్రంశాలే చాలా అన్నది రెండవది. కడపలో చదువుకుంటున్నారు గనుక, మన కడప హరివాణం (అవక్షేపాలు పట్టిన పెద్ద పల్లపు ప్రాంతం) కూడా అలా సాగి పలచబడినదేనా అన్నది మూడవది. మొదటి ప్రశ్న తేలికగా కనిపిస్తుంది గానీ, దాన్ని సరిగా పట్టుకోకపోతే మిగతా రెండూ ఎప్పటికీ అర్థం కావు. అందుకే దాని దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఉద్యోగకాలంలో సగం అనంతపురం జిల్లా బోరుబావుల వెంట, మిగతా సగం తూర్పు తీరపు సైస్మిక్ ఛేదచిత్రాల (భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులతో గీసిన లోపలి పొరల చిత్రాల) ముందు గడిపినవాణ్ణి కాబట్టి నాకు ముందుగా తట్టేది బోరుబావే. తాడిపత్రి వైపు పొరలుపొరలుగా ఉన్న రాతిలో రెండు బోర్లు వేశారనుకోండి. మొదటిదానిలో షేలు, దాని కింద సున్నపురాయి, ఆ కింద క్వార్ట్జైటు వరుసగా తగిలాయి. కొద్ది దూరంలో వేసిన రెండవదానిలో షేలు తరువాత నేరుగా క్వార్ట్జైటు తగిలింది, మధ్యలో సున్నపురాయి లేదు. పాతకాలపు కోత వల్ల కూడా ఒక పొర లోపించవచ్చు. అయితే ఆ రెండింటి నడుమ నలిగి పొడి అయిన రాయి పైకి వస్తే, చాలాసార్లు నీళ్ళు కూడా అక్కడే పడితే, బోరు అక్కడ ఒక సాధారణ భ్రంశాన్ని దాటిందని అనుమానించాలి. సున్నపురాయి ఎక్కడికీ పోలేదు. భ్రంశానికి పైనున్న దిమ్మె వాలు వెంట కిందికీ పక్కకూ జరిగిపోవడంతో, ఈ నిలువు గీత మీద ఉండవలసిన ముక్క ఇప్పుడు పక్కకు తప్పుకొని ఉంది.

మనం భూపటలం మందమని కొలిచేది దిమ్మెను కాదు. నేలమీది ఒక బిందువు నుంచి నిట్టనిలువుగా, భూపటలపు అడుగు హద్దైన మోహో వరకు గీసిన గీత పొడవును కొలుస్తాం. ఆ గీత దారిలో ఒక సాధారణ భ్రంశం అడ్డొస్తే, గీత ఆ మేరకు పొరలను దాటవేస్తుంది. 60 డిగ్రీల వాలున్న భ్రంశం మీద జారుడు 100 మీటర్లయితే, అడ్డంగా ఉన్న పొరల్లో లోపించే నిలువు మందం దాదాపు 87 మీటర్లు, నేల అడ్డంగా సాగిన దూరం 50 మీటర్లు. అదే భ్రంశం 30 డిగ్రీల వాలుకు పడుకుని ఉంటే లెక్క తారుమారవుతుంది: లోపం 50 మీటర్లు, సాగుదల 87 మీటర్లు. వాలు తక్కువైన భ్రంశం అంతే జారుడుతో నేలను ఎక్కువ సాగదీస్తుందన్న ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి, తరువాత అక్కరకు వస్తుంది.

దిమ్మె అడుగు కూడా కిందికి దిగింది గదా అన్న మీ సందేహం ఒక్క క్షణానికి సరైనదే. కానీ మోహో అక్కడ మెట్టులా నిలిచిపోదు. కింద వేడిగా ఉన్న రాయి లక్షల ఏళ్ళ కాలమానంలో ముద్దలా కదులుతుంది కాబట్టి ఆ మెట్టును సర్దేస్తుంది. భూపటలం తేలిక, దాని కింది పొరైన ప్రావారం (మాంటిల్) బరువు. ఒకచోట నిలువు గీతలో తేలిక రాయి తగ్గితే, తూకం సరిపెట్టడానికి బరువైన ప్రావారం కింది నుంచి పైకి వస్తుంది. అందువల్ల నేల దిగుతుంది, మోహో లేస్తుంది. పలచబడడం రెండు వైపుల నుంచీ జరుగుతుంది.

ఒకే ఒక్క భ్రంశం వల్ల పోయేది గోరంత. పక్కపక్కనే వరుసగా లేచిన భ్రంశాలు కలిసి తిరిగినప్పుడే పెద్ద లెక్క వస్తుంది. దీన్ని చూడాలంటే బేతంచెర్లకో ఎర్రగుంట్లకో వెళ్ళి నాపరాళ్ళ యార్డు ముందు నిలబడండి. బండలను పడుకోబెట్టి పేర్చకుండా, నిలువుగా ఒకదానికొకటి ఆనించి ఒరగబెడతారు. ఆ వరుసలో బండలన్నీ నేలతో 60 డిగ్రీల కోణంలో ఉన్నాయనుకోండి. చివరి ఆధారాన్ని మెల్లగా వెనక్కి లాగితే బండలన్నీ ఒకదానిమీద ఒకటి జారుతూ 30 డిగ్రీలకు వాలిపోతాయి. ఒక్క బండ కూడా అరిగిపోలేదు, సాగలేదు, పగలలేదు. అయినా వరుస ఎత్తు తగ్గింది, పొడవు పెరిగింది. ఎంత? 60 డిగ్రీల సైనును 30 డిగ్రీల సైనుతో భాగిస్తే 1.73 వస్తుంది. ఎత్తు అన్ని రెట్లు తగ్గింది, పొడవు సరిగ్గా అన్ని రెట్లు పెరిగింది. బండల ముఖాలే భ్రంశాలనుకుంటే, 35 కిలోమీటర్ల మందం 20 కిలోమీటర్లకు వచ్చినట్లు. ఈ నిష్పత్తినే సాగుదల గుణకం అంటాం, బీటా అక్షరంతో రాస్తాం. అసలు భూమిలో బండల పైకొనల మధ్య ముక్కోణపు గుంటలు ఏర్పడి మట్టి, ఇసుకలతో నిండుతాయి. అడుగుకొనల మధ్య ఖాళీ ఉండడానికి వీల్లేదు, అక్కడికి కింది భూపటలపు మెత్తని రాయి వచ్చి చేరుతుంది. పగులు వస్తే లోపల ఖాళీ మిగలాలి గదా అని మీరు రాసిన దానికి జవాబు ఇదే.

బండలు 30 డిగ్రీల దగ్గర ఎందుకు ఆగుతాయన్నది తరువాతి మెట్టు. కొత్తగా పగిలే సాధారణ భ్రంశం దాదాపు 60 డిగ్రీల వాలుతో పుడుతుంది. రాతి ఘర్షణ గుణకం మామూలుగా 0.6 నుంచి 0.85 మధ్య ఉంటుంది. భ్రంశం వాలు తగ్గేకొద్దీ దానిమీద పైబరువు ఒత్తిడి పెరిగి, జారేందుకు పనికొచ్చే బలం తరుగుతుంది. 30 డిగ్రీలకు అటూఇటూ వచ్చాక పాత ముఖం మీద జారడం కన్నా కొత్తగా నిటారు భ్రంశం పగలగొట్టడమే సులువవుతుంది. అలా రెండో తరం భ్రంశాలు మొదటి తరాన్ని కోస్తూ పుడతాయి, అవీ తిరుగుతాయి. రెండో తరం కూడా 1.73 రెట్లు సాగదీస్తే మొత్తం గుణకం మూడు. 35 కిలోమీటర్లు ఇప్పుడు 12 కిలోమీటర్ల లోపుకు వచ్చింది. ఈ చివరి అంకెను మరిచిపోవద్దు.

ఇంతవరకు భూపటలమంతా బండల్లా పెళుసుగా ఉన్నట్లు మాట్లాడాను, అది పూర్తిగా నిజం కాదు. క్వార్ట్జు ఎక్కువున్న రాయి 300 డిగ్రీల సెల్సియస్ దాటాక పగలడం మాని పాకం పట్టిన బెల్లంలా మెల్లగా సాగడం మొదలుపెడుతుంది. మామూలు ఖండంలో ఆ లోతు 10 నుంచి 15 కిలోమీటర్లు. అంటే మొదట్లో భ్రంశాలు పై మూడోవంతులోనే ఉంటాయి, కింది రెండొంతులు ప్రవాహంలా పలచబడుతుంది. ఈ రెండూ ఒకే చోట, ఒకే మేరకు జరగాలన్న నియమం లేదు. అమెరికా పడమటి భాగంలోని బేసిన్ అండ్ రేంజ్ ప్రాంతంలో నేల ఒకచోట విపరీతంగా, పక్కనే కొద్దిగా సాగినా, మోహో మాత్రం దాదాపు 30 కిలోమీటర్ల లోతున చదునుగా ఉంది. కింది రాయి పక్కలకు పారి సర్దుకుందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఈ ప్రక్రియకు మొదటి శుభ్రమైన లెక్క కట్టినవాడు డాన్ మెకెంజీ. 1978లో ఆయన శిలావరణమంతా (భూపటలం, దాని కింది గట్టి ప్రావారం కలిపి) పైనుంచి కిందికి ఒకే గుణకంతో సాగుతుందనుకుని రెండు దశలు చూపాడు: సాగుతున్నప్పుడు వెంటనే దిగడం, సాగడం ఆగిపోయాక పైకి వచ్చిన వేడి ప్రావారం చల్లారుతూ మెల్లగా దిగడం. చల్లారడానికి పట్టే కాలం ఆరు కోట్ల ఏళ్ళ పరిమాణంలో ఉంటుంది. భూపటలపు సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 2.8, ప్రావారానిది 3.3 అనుకుంటే, 35 కిలోమీటర్లు సగానికి తగ్గిన చోట అంతా చల్లారాక సముద్రపు నీటి కింద నేల 3.9 కిలోమీటర్ల లోతుకు దిగుతుంది. ఆ గుంటను 2.4 సాంద్రత గల అవక్షేపాలతో నింపితే వాటి బరువుకు నేల ఇంకా కుంగి, దాదాపు 9.7 కిలోమీటర్ల మందం పడుతుంది. కృష్ణా, గోదావరి మోసుకొచ్చిన మట్టి తీరం దగ్గర అన్ని కిలోమీటర్ల మందాన ఎలా పట్టిందని ఆశ్చర్యపోయే వారికి ఈ చిన్న లెక్క చేసి చూపిస్తుంటాను. మెకెంజీ తరువాత 1980లలో బ్రయాన్ వెర్నికీ, ఖండాన్ని ఒకే ఒక పెద్ద ఏటవాలు భ్రంశం అడ్డంగా కోసుకుంటూ పోతే రెండు ఒడ్డులూ ఒకేలా ఉండవని వాదించాడు. ఏది సరైనదని విద్యార్థులు అడుగుతుంటారు. నా అనుభవంలో మొదటి దశకు మెకెంజీ, చివరి దశకు వెర్నికీ దగ్గరగా వస్తారు.

ఆ చివరి దశ గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. భూపటలం 10 కిలోమీటర్లకు దిగాక ఒక తలకిందుల మార్పు వస్తుంది. అడుగున మెత్తగా ఉన్న రాయి పైకి వచ్చి చల్లబడింది గనుక అదీ పెళుసైపోతుంది. మధ్యలో మెత్తని పొర లేకపోవడంతో నేలమీది భ్రంశం ఆగకుండా ప్రావారం దాకా కోస్తుంది, ఆ దారిన సముద్రపు నీరు లోపలికి దిగుతుంది. ప్రావారంలోని ఆలివిన్ ఖనిజం నీటితో కలిసి సర్పెంటైన్ అనే మెత్తని ఖనిజంగా మారుతుంది. పులివెందుల దగ్గర పాత రాతినార గనుల్లో ఆకుపచ్చగా, వేలికి జారుడుగా తగిలే రాయిని మీరు చూసి ఉంటారు. అది సర్పెంటైనే, అయితే అక్కడ అది వేంపల్లె డోలమైటులోకి డోలరైటు (శిలాద్రవం గడ్డకట్టిన నల్లరాయి) చొరబడినప్పుడు పుట్టింది, ప్రావారం నుంచి వచ్చింది కాదు. ఆ జారుడు గుణమే ఇక్కడ ముఖ్యం. మామూలు రాతి ఘర్షణలో సగమో అంతకన్నా తక్కువో ఘర్షణ ఉన్న పొర భూపటలం అడుగున పరుచుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఆగిపోవలసిన భ్రంశం అంతకన్నా చదునుగా పడుకున్నా జారుతూనే ఉంటుంది. చదునైన భ్రంశం ఎక్కువ సాగదీస్తుందని మొదట్లో చెప్పాను. అలా జారి జారి చివరకు ఖండపు రాయి పూర్తిగా తొలగిపోయి, ప్రావారం సముద్రపు అడుగున బయటపడుతుంది.

ఇది ఊహ కాదు. స్పెయిన్, పోర్చుగల్ పడమటి తీరానికి ఆవల, గలీషియా తిన్నెకు పడమరగా, 1985లో సముద్ర తవ్వకాల కార్యక్రమం 103వ యాత్రలో సర్పెంటైన్‌గా మారిన ప్రావార శిల బోరులో దొరికింది. 1993లో 149వ యాత్ర, 1997లో 173వ యాత్ర దక్షిణంగా ఐబీరియా మైదానపు అడుగున మరికొన్ని బోర్లు వేశాయి. అక్కడ ఖండపు రాయికీ అసలైన సముద్ర భూపటలానికీ నడుమ ప్రావారమే అడుగుగా ఉన్న పట్టీ ఉందని తేలింది. గలీషియా దగ్గరి సైస్మిక్ చిత్రాల్లో ఒరిగిన దిమ్మెల కింద మెరుస్తూ కనిపించే ‘ఎస్’ అనే ప్రతిఫలకమే, అంటే తరంగాలను వెనక్కి పంపే తలమే, ఆ జారుడు ముఖం. అన్ని అంచులూ ఇలాగే ఉంటాయనుకోవద్దు. 2017లో దక్షిణ చైనా సముద్రంలో ఇదే పద్ధతి కోసం వెతుకుతూ 367, 368 యాత్రలు తవ్వితే, ప్రావారానికి బదులు బసాల్టు తగిలింది. అక్కడ ఖండం చివరిదాకా పలచబడి చీలకముందే శిలాద్రవం అందుకుంది.

ఇక మీ రెండవ ప్రశ్న, భ్రంశాలే చాలా అని. ఈ విద్యలో ఇది పాత తగాదా. సైస్మిక్ చిత్రంలో కనిపించే ప్రతి భ్రంశం అడ్డసాగుదలనూ కొలిచి కూడితే వచ్చే గుణకం, భూపటలం మందం చూసి రావలసిన గుణకం కన్నా చాలా చిన్నదిగా వస్తుంది. మూడు రావలసిన చోట ఒకటిన్నర కూడా రాకపోవడం వింత కాదు. కొందరు కింది భూపటలం ఎక్కువగా, పైది తక్కువగా సాగిందంటారు. బేసిన్ అండ్ రేంజ్‌ను చూస్తే ఆ మాటలో నిజముందనిపిస్తుంది, కానీ ఖండం అంచుల దగ్గర దానికి ఒక చిక్కుంది. ఒక ఒడ్డు నుంచి పారిపోయిన కింది రాయి ఎదుటి ఒడ్డు కింద ఎక్కువగా ఉండాలి గదా! ఎదుటి ఒడ్డును కొలిస్తే అక్కడా లోటే కనిపిస్తుంది. రెండు ఒడ్డులూ తామే పై దిమ్మె అన్నట్లు ప్రవర్తిస్తాయి.

నా మొగ్గు వేరే వైపు. రెండో తరం భ్రంశాలు మొదటి తరాన్ని కోస్తూ పుడతాయని ముందు చెప్పాను. రెండు సార్లు కోసి తిప్పిన రాతిలో మొదటి తరం భ్రంశాలు దాదాపు చదునుగా పడుకుని, ముక్కలై, పొరల మధ్య పొరల్లా కనిపిస్తాయి. సైస్మిక్ చిత్రం చదివేవాడు వాటిని భ్రంశాలుగా గుర్తించడు, అవక్షేప పొరల హద్దు రేఖలనుకుంటాడు. పైగా ఆ పద్ధతికి పట్టుబడని చిన్న భ్రంశాలు వందలకొద్దీ ఉంటాయి. బోరు లాగుల్లో (బోరు లోతు వెంట తగిలిన రాళ్ళ నమోదుల్లో) నేను చూసిన భ్రంశాల్లో ఎక్కువ వాటి జారుడు కొన్ని మీటర్లే, లోతైన సైస్మిక్ చిత్రంలో అవి అసలు కనిపించవు. ఈ రెంటినీ కలిపితే లోటులో పెద్ద భాగం తీరుతుంది. మూడో సంగతి కాలానికి సంబంధించినది. భ్రంశాలన్నీ ఒకేసారి పనిచేయవు. గుంటల్లో పట్టిన మట్టి వయసును చూస్తే, భూమి వైపున్నవి ముందు ఆగిపోయి, సముద్రం వైపు ఒకటి తరువాత ఒకటి కొత్తవి మేల్కొన్న అంచులు కనిపిస్తాయి. అలా వరుసగా ఒకే దిక్కుకు నడిచిన భ్రంశాలు, ఒక్క మహాభ్రంశం అవసరం లేకుండానే, రెండు ఒడ్డులను అసమానంగా వదిలివేయగలవు.

మన తీరానికి వస్తే, భారతం, అంటార్కిటికా దాదాపు 13 కోట్ల ఏళ్ళ కింద విడిపోయాయి. కృష్ణా–గోదావరి హరివాణంలో తీరానికి సమాంతరంగా ఈశాన్య–నైరుతి దిక్కున సాగే దిగిన పట్టీలూ (గ్రాబెన్‌లు) నిలిచిన గట్లూ (హార్స్ట్‌లు) ఆనాటివి. కృష్ణా గ్రాబెన్, బాపట్ల హార్స్ట్, పశ్చిమ గోదావరి గ్రాబెన్, తణుకు హార్స్ట్ అని చమురు వెతికేవాళ్ళు పిలిచేవి అవే. ఈ తీరం చల్లారడానికి రెండు కాలప్రమాణాలకు పైగా గడిచాయి, వేడి వల్ల దిగవలసినదంతా దాదాపు దిగిపోయింది. పడమటి తీరం కథ వేరు. అక్కడ దక్కన్ లావా పొంగిన తరువాత సీషెల్స్ విడిపోయింది. శిలాద్రవం ఎక్కువున్న చోట సాగుదలలో కొంత భాగాన్ని డైకులే (పగుళ్ళలో గడ్డకట్టిన శిలాద్రవపు గోడలే) మింగేస్తాయి, కింది నుంచి చేరి లోపలే గడ్డకట్టిన గాబ్రో శిల పోయిన మందాన్ని కొంత పూడుస్తుంది, అందుకని పై లెక్కలను అక్కడ ఉన్నదున్నట్లు వాడకూడదు.

చివరిగా కడప. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు పాలకోవా కోసం ఆగే అలవాటు అందరికీ ఉంది. ఒకసారి రోడ్డు పక్క కోతల కోసం కూడా ఆగండి. పాత గ్రానైటు, నైసుల మీద గులకరాళ్ళతో మొదలై క్వార్ట్జైటు కూర్చున్న చోటును వెతకండి. ఆ క్వార్ట్జైటుకు గుల్చేరు అన్న పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. అక్కడ కడప హరివాణపు పడమటి అంచు పెద్ద భ్రంశం కాదు, కోతకు గురైన పాత నేలమీద అవక్షేపం పట్టిన హద్దు. పొరలు తూర్పుకు, ఈశాన్యానికి మెల్లగా వాలుతాయి. పులివెందుల దగ్గరి డోలరైటు పరుపు వయసు 188 కోట్ల ఏళ్ళకు పైమాటే. అప్పుడు కింద ప్రావారం వేడెక్కిందనీ, తరువాత చల్లారుతూ నేల దిగిందనీ చాలామంది అంటారు. అంటే మెకెంజీ చెప్పిన రెండో దశ లాంటిది ఇక్కడ జరిగి ఉండవచ్చు. మొదటి దశ, అంటే పెద్ద పెద్ద భ్రంశాల మీద ఒరిగిన దిమ్మెలు, పడమటి వైపు కనిపించదు. 1970లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కావలి నుంచి ఉడిపి వరకు లోతు సైస్మిక్ గీత వేసి ఈ హరివాణాన్ని అడ్డంగా దాటింది. దాని ప్రకారం ఇక్కడ భూపటలం మందం మామూలు ఖండానిదే, 35–40 కిలోమీటర్ల పరిధిలోనిది. పది కిలోమీటర్లకు దిగిన అంచుకు కడపను ఉదాహరణగా రాస్తే పరీక్షలో నేనైతే మార్కులు ఇవ్వను.

తూర్పున నల్లమల, వెలికొండల వైపు వెళితే పరిస్థితి తిరగబడుతుంది. అక్కడి రాళ్ళు మడతలుపడి, తూర్పు నుంచి పడమరకు ఒకదానిమీదకు ఒకటి తోయబడ్డాయి. అలాంటి చోట బోరు వేస్తే పొరలు లోపించవు, ఒకసారి దాటిన షేలే మళ్ళీ కింద తగులుతుంది. మీ ప్రాజెక్టుకు లోపించిన పొరల లెక్క కావాలంటే కృష్ణా–గోదావరి బోరు లాగులు చూడండి. పునరావృతమైన పొరల లెక్క కావాలంటే బస్సెక్కి సిద్ధవటం దాటి వెళ్ళండి.